గడ్డం మొక్కు

మా అన్నకు గడ్డం అస్సలు నప్పదు. అయినా ఆ ఏడాదంతా పెంచాడు, పెంచక చస్తాడా? మొక్కుకున్నది మా అమ్మ. "నా బిడ్డకు దగ్గు నిలిస్తే కాలినడకన కొండెక్కించి తలనీలాలు ఇప్పిస్తా సామీ" అని. మొక్కు తీరేదాకా కత్తి తగలకూడదు. దగ్గు నిలవలేదు కాబట్టి గడ్డం పెరుగుతూనే ఉంది.

డెబ్బైల చివరి మాట ఇది. నాయన పోయాక వానలు ఎగ్గొట్టి బావి అడుగంటితే, అన్నా నేనూ పుత్తూరు దారిలో పలుగురాళ్ళ మిల్లులో చేరాం. ఆడవాళ్ళం బయట రేకుల కింద తెల్లరాళ్ళను సుత్తులతో చిదగ్గొడితే, మగవాళ్ళు లోపల మిషన్లో పోసి పిండి చేసేవాళ్ళు. ఆ పిండి మద్రాసు గాజు ఫ్యాక్టరీలకు పోయేది. ఆ గదిలో పక్కన నిలబడిన మనిషి కనబడడు. సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాళ్ళు, గొంతులో దుమ్ము దిగిపోతుందట. దిగేది నిజమే, ఎక్కడికి దిగేదో ఎవరూ అడగలేదు.

తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇది క్షయ కాదు, రాతిదుమ్ము. చెడిన ఊపిరితిత్తులు బాగుపడవు. ఇకనైనా దుమ్ము పీల్చకు" అన్నాడు. పని మానేయమని అన్నను పోరాను.

"మానేసి యాడికి పోవాల మే? బావిలో దూకుదామంటే ఆడా నీళ్ళు లేవు" అని నవ్వబోయి దగ్గాడు. 

ఆ నెలలోనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, మాస్కు లేనివాణ్ణి మిషన్ గదిలోకి పోనివ్వకూడదని యజమానికి గట్టిగా చెప్పి పోయాడు. రబ్బరు మాస్కులు వచ్చాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అన్న గడ్డం మీద అది కూర్చోదు! సందుల్లోంచి దుమ్ము దూరిపోతోంది.

"ఈ వారంలో గడ్డం తీసెయ్యప్పా, లేదా ఇంటికి పో" అన్నాడు మేస్త్రీ.

ఇంట్లో యుద్ధం మొదలైంది. "మొక్కు తీరకుండా కత్తి పెడితే సామి ఊరుకుంటాడా?" అని అమ్మ.

"దగ్గు తగ్గాలంటే గడ్డం తియ్యాల, గడ్డం తియ్యాలంటే దగ్గు తగ్గాల! ఇది మొక్కా, ఉరితాడా?" అని అరిచాను. చెంప మీద ఒకటి పడింది.

"కొట్టుకోండి, కొట్టుకోండి. నా మూతి నాది కాకపాయె" అన్నాడు అన్న.

మర్నాడు అన్న మాస్కు ఇంటికి తెచ్చి అమ్మ ముందు వెల్లకిలా పెట్టాను. లోపల, మూతి ఆనేచోట, పిండి పేరుకుని ఉంది. అమ్మ వేలితో తీసి చూసుకుంది. 

"పదండి కొండకు. ముందుగా ఇస్తే సామి వద్దంటాడా? తప్పయితే నాకే తగలనీ" అంది.

అన్న మెట్లెక్కలేడు. మేమిద్దరం బస్సులో పోయాం. అన్న నడవాల్సిన నడక అమ్మ నడిచింది, మోకాళ్ళ నొప్పులతో. తప్పు కాయమని తన జుట్టు కూడా ఇచ్చేసింది. రెండు గుండ్లూ పక్కపక్కన కూర్చుని పులిహోర తింటుంటే నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు.

సోమవారం అన్న పనిలోకి దిగాడు. మాస్కు చెంపలకు అతుక్కుపోయింది, వెంట్రుకంత సందు లేదు. నేను సుత్తి పట్టుకుని ఆ గది వాకిలివైపే చూస్తున్నాను. మిషన్ మొదలైన కాసేపటికే తూలుతూ బయటికొచ్చాడు. మాస్కు పీకేసి, మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతున్నాడు.

"ఏమైందన్నా? దుమ్ము దూరిందా?"

"దుమ్ము రాలేదు మే. గాలీ రాలేదు. దీంట్లోంచి ఊపిరి ఈడ్సుకునే బలం నాకు లేదు."

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. "మెళ్ళో తగిలించుకోప్పా. ఇన్‌స్పెక్టరు వస్తే పైకి ఎక్కించుకుందువు" అన్నాడు. దయగానే అన్నాడు. అన్న మాస్కు మెళ్ళో వేసుకుని లోపలికి పోయాడు.

సాయంత్రం అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "మాస్కు సరిపాయనా నాయనా?" అని అడిగింది.

"బాగా సరిపాయమా" అన్నాడు అన్న.

అది అబద్ధం కాదు. అమ్మ కొండ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టింది. ఏం చెప్పను? పక్కన నిలబడి నేనూ పెట్టాను.