నల్లి కాదని తేల్చుకొచ్చిన ప్రయాణం

మా అమ్మాయికి తొలి కాన్పు. పురిటికి మా ఇల్లెలా ఉందో చూడ్డానికి వాళ్ల అత్తగారు అవనిగడ్డ వచ్చి, ఒక్క రాత్రి పడుకుని, పొద్దున్నే కాళ్ల మీద దద్దుర్లు చూపించింది. "ఈ నల్లుల కొంపకి కోడల్ని పంపనండీ వదినగారూ" అనేసి గుడివాడ వెళ్లిపోయింది. ఆవిడ సొంతంగా తెచ్చుకున్న దుప్పటి మీద గెంతుతున్న పురుగును నేను అప్పటికే తడి సబ్బుతో ఒత్తి పట్టాను. నల్లి పాకుతుంది, గెంతదు.

మర్నాడు ఏడుంబావుకి ఆ సబ్బును డబ్బాలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఎండుచేపల సంచితో పక్కన కూర్చున్నావిడ "డబ్బాలో ఏంటి పిన్నిగారూ, టిఫినా?" అంది.

"పురుగు."

"అమ్మో, ఎవరికండీ?"

"మా వియ్యపురాలికి."

ఆవిడ సంచితో సహా అటు జరిగింది.

తొమ్మిదికి బందరులో రెండిడ్లీ తిని, తెలిసిన జువాలజీ మేష్టారి కాలేజీకి వెళ్లాను. ఆయన సబ్బు కరిగించి పురుగును మైక్రోస్కోపులో చూపించారు. నల్లి పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఇది రెండు పక్కలా నొక్కినట్టు సన్నం. రెక్కల్లేవు, వెనక కాళ్లు పొడుగు. ఇలా గెంతే పురుగుల్లో పిల్లుల మీద ఉండే రకానికి బుగ్గల దగ్గర, మెడ వెనక దువ్వెన పళ్లలాంటి ముళ్లుంటాయట. దీనికి లేవు.

"ఫ్లీ అంటారండి దీన్ని, మనుషుల్ని కుట్టే గెంతుడు పురుగు. కుక్కల మీదా బతుకుతుంది."

"నల్లి కాదుగా? రాసివ్వండి. ఈ మధ్యే చదవడం నేర్చుకున్నా."

రాస్తూ చెప్పారు: "దీని పిల్లలు దుమ్ములో పెరిగి గూడు కట్టుకుంటాయి. మూసిన ఇంట్లో నెలల తరబడి ఆగి, మనిషి అడుగుల అదురుకి బయటికొస్తాయి. మీ ఇల్లేమైనా మూశారా?"

మాది మూయలేదు. వియ్యపురాలిదే రిపేరని రెండు నెలలు మూశారు. తలుపులేని వెనక గదిలో వీధికుక్క పిల్లల్ని పెట్టింది. పోయిన వారమే మళ్లీ చేరారు. మేష్టారికి దండం కూడా పెట్టకుండా బస్టాండుకి పరిగెత్తాను.

గుడ్లవల్లేరు మీదుగా పన్నెండుకి గుడివాడ. వియ్యపురాలు కాగితం చూసి, "ముసలితనంలో అక్షరాలొచ్చాయని చీటీలు పట్టుకొస్తారా!" అంది. నేను అల్లుడి తెల్లసాక్సులు తొడుక్కుని వెనక గదిలో నాలుగడుగులు వేశాను. నిమిషంలో సాక్సుల మీద నల్ల చుక్కలు గెంతాయి.

"లెక్కపెట్టుకోండి వదినగారూ. అన్నీ మీవే."

ఆవిడ చీర కుచ్చెళ్లు పైకెత్తి గుమ్మం ఎక్కింది. మా అమ్మాయి నోరు తెరవలేక తెరవలేక తెరిచింది: "ఇల్లు శుభ్రమయ్యేదాకా అత్తయ్యగారు ఎక్కడుంటారమ్మా?"

అల్లుణ్ని మందు కొట్టించే పనిలో పెట్టాం. బట్టలన్నీ మరిగే నీళ్లలో వేసి, ఎండాక, నాలుగున్నరకి పామర్రు మీదుగా తిరుగు బస్సు. అమ్మాయి కిటికీ పక్కన, వియ్యపురాలు నా పక్కన. "గాలొచ్చే ముందు గది నాకివ్వండి. పొద్దున్నే ఆరింటికి కాఫీ" అని చెబుతూనే ఉంది. ఇలాంటి పనిమీద బయల్దేరేవాళ్లకు నా మాట ఒకటే: ఓడిపోతే ఒంటరిగా తిరిగొస్తారు, గెలిస్తే అత్తాకోడళ్లిద్దర్నీ వెంటబెట్టుకు రావాలి.