అసిరమ్మ మాట్లాడని పూట

తేలినీలాపురంలో గూడబాతు (పెలికాన్) పిల్లని వదులుతున్నాం, రమ్మని కూర్మారావు ఫోన్ చేశాడు. దేశమంతా శాఖలున్న ఓ వన్యప్రాణి సంరక్షణ సంఘంలో నేను చందా కట్టే సభ్యురాలిని, అతను నిజంగా పని చేసే మనిషి. మార్చి ఆదివారం, ఉదయం ఏడింటికి విజయనగరంలో పలాస పాసింజర్ ఎక్కాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఇడ్లీ కొన్నాను. చట్నీ ఉత్త నీళ్లే, ఆకలి మీద అదే అమృతం.

ఎదురు సీట్లో వంకాయల గంపతో ఉన్న ఆవిడది తేలినీలాపురమేనట.

"పక్కుల్ని సూడ్డానికా అమ్మా? ఆటిని మా ఆడపిల్లలనుకుంటాం. పురిటికొస్తాయి, పిల్లల్ని తీసుకుని ఎలిపోతాయి. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లికైనా మందుగుండు కాల్సం" అంది.

తొమ్మిదిన్నరకి నౌపడలో దిగి ఆటోలో ఊరు చేరాను. టీ బడ్డీ దగ్గర కూర్మారావు, పక్కనే అసిరమ్మ అని ఆ ఊరావిడ.

"టీచరమ్మా, కంచె కాడ నోరిప్పకండి" అన్నాడతను. నా సంగతి తెలుసు మరి, క్లాసులో పిల్లలకంటే నా గోలే ఎక్కువ.

సంగతేమిటంటే, గూట్లోంచి జారిపడిన పిల్లల్ని సంఘం వలకంచెలో పెంచుతుంది. చేపలు వేసే మనిషి ఆకారం తెలియకుండా తెల్ల దుప్పటి కప్పుకోవాలి, పలకరించకూడదు. మనిషికి మాలిమైన పిట్ట గుంపుతో వెళ్లదు, చివరికి కుక్కల పాలవుతుంది. ఈ పిల్లకి మూడు నెలలుగా చేపలు వేసింది అసిరమ్మే. కానీ నోరు ఊరుకోలేదు.

"ఒంటిగా పడున్నాది, ఎలా ఊరుకుంటానమ్మా? రోజూ మాటాడీసినాను. నా గొంతు దానికి తెలిసిపోనాది. రేపో మాపో గుంపు ఎలిపోద్ది. ఇది ఉండిపోనాదంటే పాపం నాదే" అంది అసిరమ్మ.

పదకొండింటికి కంచె తలుపు తీశారు. పిల్ల చెరువు వైపు వెళ్లలేదు. తిన్నగా అసిరమ్మ దగ్గరికొచ్చి ముక్కుతో దుప్పటి లాగింది. అయ్యో, నా ప్రాణం ఉసూరుమంది! ఆవిడ పమిట చెంగు నోట్లో కుక్కుకుని, వెనక్కి తిరిగి, గట్టు దిగి ఇంటిదారి పట్టింది. పిల్ల నాలుగడుగులు వెంటపడింది. ఆవిడ ఆగలేదు, తిరిగి చూడలేదు.

అది అలాగే నిలబడిపోయింది. పైన ఎండకి గుంపు గుండ్రంగా తిరుగుతూ లేస్తోంది. ఎంతసేపటికో పిల్ల నీళ్లలోకి దిగింది. రెండుసార్లు తపతపలాడి చతికిలబడింది, మూడోసారి లేచింది. కాసేపటికి గుంపులో ఏది మనదో పోల్చుకోలేకపోయాను. కూర్మారావు కళ్లు తుడుచుకుంటూ ఎండని తిట్టాడు.

వెళ్లాలనుకునేవాళ్లు నవంబరు, మార్చి మధ్య వెళ్లండి, తిరుగు బండి సాయంత్రం నాలుగింటికి. సంఘం పనంటే ఇన్నాళ్లూ సమావేశాలూ, కరపత్రాలే అనుకున్నాను. ఇంత ప్రేమనీ కడుపులో దాచుకోవడం కూడా ఆ పనేనని నాకేం తెలుసు?

అసిరమ్మ స్టేషన్‌కి వచ్చింది. నేను రైలెక్కి కూర్చున్నాక కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎగిరినప్పుడు ఎలాగున్నాదమ్మా? నాను సూడనేదు గదా."

చెప్పాను, రెక్కలు, నీళ్లు, మూడోసారి లేవడం, అంతా. బండి కూత వేసింది.

"ఇంకోపాలి సెప్పమ్మా" అంది.

మళ్లీ మొదటినుంచి చెప్పాను.