కృత్తివెన్ను గట్టు మీద జమైకా గాయకుడు

ప్రపంచఖ్యాతి గడించిన ఒక జమైకా గాయకుడి ఉత్థానపతనాలు చెప్పబోతున్నాను. కింగ్‌స్టన్ వీధుల్లో మొదలై ఖండాలు దాటిన గాథ. నిజానికి అంత లేదు. నాకు తెలిసింది అతని క్యాసెట్ ఒక్కటే, అందులోనూ ఒక వైపే. రెండో వైపు కొన్నప్పటి నుంచీ గరగరే. ఇక ఉత్థానం, పతనం రెండూ కృత్తివెన్నులో మా మావయ్య రొయ్యల చెరువు గట్టు మీదే జరిగాయి.

తొంభైల చివర్లో నేను గుడివాడలో డిగ్రీ చదువుతున్నాను. డాన్స్‌హాల్ అనే ఆ సంగీతం వింటే కాలేజీలో నలుగురూ నన్ను గుర్తిస్తారని క్యాసెట్ కొన్నాను. ఎవరూ గుర్తించలేదు. సెలవులకు దాన్ని మావయ్య ఇంటికి పట్టుకెళ్లాను.

మావయ్యకు అప్పటికే రెండు పంటలు తెగులుతో పోయాయి. పక్క చెరువుల్లో చచ్చిన రొయ్యల్ని నీటికాకులు కరుచుకొచ్చి మన చెరువులో పడేస్తున్నాయని ఆయన నమ్మకం. ఈ పంట కూడా పోతే రొయ్యల జోలికే వెళ్లనని అత్తయ్యకు మాటిచ్చాడు. పక్షుల్ని తోలడానికి డబ్బాలు మోగించాడు, టపాకాయలు కాల్చాడు. చివరికి మైకుసెట్ తెప్పించి నా క్యాసెట్ పెట్టాడు.

మొదటి పాటకే పక్షులన్నీ లేచిపోయాయి.

"ఏంట్రా అల్లుడూ, అంత కోపంగా ఏమంటున్నాడు?"

"డాన్స్ చెయ్యమంటున్నాడు మావయ్యా."

"ఎవర్ని?"

"అందర్నీ."

"రొయ్యల్ని మాత్రం వదిలెయ్యమను. మేత తినే టైము."

ఆ వారమంతా అతనికి తిరుగులేదు. రోజుకు రెండు ఆటలు. పక్క చెరువు రైతు గట్టు దాటి వచ్చాడు.

"మీవాడు నోరు తెరిస్తే చాలు, పక్షులన్నీ మా చెరువులో దిగుతున్నాయండీ. మైకు కాస్త మా వైపు తిప్పించండి."

"కుదరదండీ. ఇక్కడికే బుక్కయ్యాడు," అన్నాడు మావయ్య.

సెలవులయ్యాక గుడివాడ లైబ్రరీలో, ఇంగ్లీషు పేపర్లో అతని ఫొటో కనబడింది. లండన్‌లో, టోక్యోలో టికెట్లు దొరకడం లేదట. ఆ సంగతి చెప్పడానికి ఆదివారం బస్సెక్కి వచ్చాను. మావయ్య వినిపించుకోలేదు. గట్టు వైపు చెయ్యి చూపించాడు. సరిగ్గా మైకు మీదే ఒక నీటికాకి కూర్చుని, అభిమానులకు చేతులు చాచిన స్టార్‌లా రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దాని కాళ్ల కింద గాయకుడు ప్రాణం పెట్టి అరుస్తున్నాడు. మిగతా పక్షులు తాపీగా మునిగి లేస్తున్నాయి.

"వేరే దేశంవాడెవడైనా ఉన్నాడా?" అన్నాడు మావయ్య. గొంతులో వేళాకోళం లేదు.

ఆ మధ్యాహ్నమే మైకు విప్పేసి, బందరు వెళ్లి నైలాన్ దారం తెచ్చాం. రెండు రోజులు చెరువు మీద అడ్డంగా కట్టాం. పంట నిలబడింది. నీటికాకులకైతే చెరువు మీద మూరెడు ఎడంగా దారాలు లాగితే సరిపోతుంది. కొంగలు గట్టు మీంచి నడిచి దిగుతాయి కాబట్టి, వాటికి చుట్టూ మోకాలెత్తున ఇంకో వరస కట్టాలి.