ఏ బడిలో చదివావు?

మా బావ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాడు. ఎర్ర టోపీ పెట్టుకుని ముందు తలుపు దగ్గర ఎక్కుతాడు, ఒక్కొక్కరి చెయ్యీ చూసుకుంటూ వెనక తలుపు దాకా వస్తాడు. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేస్తానంటాడు. ఉన్నవాడు కిటికీలోంచి బయటికి చూస్తుంటాడట, లేనివాడు బావ వంక చూస్తుంటాడట. ఇది ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అందుకే నేను బస్సెక్కితే మెడ పట్టేసేదాకా కిటికీలోంచే చూస్తుంటాను.

టోపీ తీసి కొక్కేనికి తగిలించినా ఆ చూపు మాత్రం దిగదు. మా అక్క వేళకి కాఫీ ఇవ్వకపోతే కోపం, అడక్కుండా ఇస్తే అనుమానం. నేను వాళ్ళింటికి ఖాళీ చేతులతో వెళ్తే ఏదో పని పడి వచ్చానంటాడు, పళ్ళు పట్టుకెళ్తే ఇంకా పెద్ద పని పడి వచ్చానంటాడు. తాళాలు బాగుచేసే దుకాణం నాది, ఇంటికి మూడు తాళాలు ఆయనవి. ఎక్కడికి వెళ్ళినా నన్ను వెంట తీసుకెళ్తాడు. ప్రేమతో అనుకునేరు, సాక్షిగా.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం. వాదన మొదలుపెట్టిందంటే అవతలివాడు తప్పు ఒప్పుకునేదాకా వదలదు, తప్పు చెయ్యకపోయినా సరే. వాటర్ ట్యాంకు పక్కనున్న ప్రభుత్వ హైస్కూల్లో చదువుతోంది. ఇంకా రెండేళ్ళు అక్కడే చదివి, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళాలి. సైన్సు టీచరుకి అదంటే ప్రాణం. ల్యాబు తాళంచెవి దాని చేతికిచ్చేసింది, దానికి నకలు చేసిపెట్టింది నేనే. పిల్లలంతా కలిసి బడి డాబా మీద వాన కొలిచే పరికరం ఒకటి బిగిస్తున్నారు.

అంతలో ఒక ప్రైవేటు స్కూలు మనిషి మెడలో టై కట్టుకుని బావ వాళ్ళింటి మెట్లెక్కి వచ్చాడు. చివరి రెండేళ్ళూ తమ దగ్గర చదివితే మంచి కాలేజీ ఖాయమన్నాడు. నెలాఖరుకి సీట్లు అయిపోతాయన్నాడు. బావ అతన్ని అనుమానించాడు, అది మామూలే. కానీ అతను వెళ్ళాక హైస్కూలుని కూడా అనుమానించడం మొదలుపెట్టాడు.

"ఆ బడిలో చదివిన పిల్లలు ఏ కాలేజీల్లో తేలుతున్నారు? అదొక్కటి చెప్పమను. దీన్ని ఉంచాలో తియ్యాలో నేను తేల్చుకుంటాను" అన్నాడు.

"నేను ఎక్కడికీ రాను నాన్నా. వాన పరికరం సగంలో ఉంది" అంది పిల్ల.

"వానలు ప్రతి ఏడూ పడతాయి. చదువు పోతే మళ్ళీ రాదు."

తల్లిదండ్రుల మీటింగులో హెడ్‌మిస్ట్రెస్ పాపం మంచిగానే చెప్పింది. పోయినసారి పాసైన పిల్లల్లో దాదాపు అందరికీ ఎక్కడో ఒకచోట సీటు వచ్చిందంది. బావ చివరి బెంచీలోంచి లేచాడు.

"సీటు రావడం వేరు మేడం, వెళ్ళి చేరడం వేరు. టికెట్ కొన్నవాళ్ళంతా బస్సెక్కరు, ఎక్కినవాళ్ళంతా చివరి స్టాపు దాకా రారు. ఎంతమంది చేరారు, ఎక్కడ చేరారు, అది చెప్పండి."

కొందరు నవ్వారు. కానీ నవ్వినవాళ్ళే ఒక్క క్షణం ఆగి, అవునండీ, మాక్కూడా కావాలి అన్నారు. ఆవిడ నీళ్ళు నమిలింది.

"బడి దాటాక పిల్లలు మాకేమీ చెప్పరండీ. పై ఆఫీసులో ఆ వివరాలు ఉంటాయేమో."

ఆ 'ఏమో' పట్టుకుని బావ నన్ను పై ఆఫీసుకి లాక్కెళ్ళాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా కాగితాల మీద రాళ్ళు పెట్టిన గది అది. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే, పిల్లలు పాసయ్యేదాకా మాది, ఆ తర్వాత కాలేజీలది అన్నాడు. కాలేజీకి ఫోన్ చేస్తే, ఎవరు ఏ బడి నుంచి వచ్చారో బయటివాళ్ళకి చెప్పకూడదన్నారు. మళ్ళీ గుమాస్తా దగ్గరికెళ్తే, మీ బడిలోనే అడగండి అన్నాడు. కాళ్ళరిగేలా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

"చూశావా, అందరూ కలిసి దాస్తున్నారు. మంచి సరుకైతే ఎవడన్నా గోనె కప్పుతాడా?" అన్నాడు బావ, మెట్లు దిగుతూ.

"దాచడానికి అసలు వాళ్ళ దగ్గర ఉండాలి గదా బావా. నిజంగానే తెలీదేమో."

"తెలీదన్నవాడికే అన్నీ తెలుస్తాయి."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఊరుకున్నాను, కారణం ఉంది. బావ కూడా ఆ హైస్కూల్లోనే చదివాడు. ఈ సంగతి మా అక్క ఎప్పుడో నా చెవిన వేసింది. మంచి మార్కులతోనే పాసయ్యాడట. ఆ ఏడే వాళ్ళ నాన్న నిచ్చెన మీద నుంచి పడి మంచానపడితే కాలేజీ ఊసెత్తకుండా కండక్టరు పనిలో చేరాడు. కూతురికి ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు. ఎక్కడ చదివావు నాన్నా అని అది అడిగితే, ఏదో బడిలే అని మాట తప్పిస్తాడు. ఆ బడి నుంచి ఎవరెక్కడికి వెళ్ళారన్నదానికి ఆయన దగ్గరున్న దాఖలా ఒక్కటే, అది తనే. ఆయన మీద నాకు జాలి వేసేది ఆ ఒక్క విషయంలోనే.

ఆఫీసుల వాళ్ళు చెప్పకపోతే మానె, బస్సు చెబుతుంది అన్నాడు బావ. కాలేజీ పిల్లలందరికీ బస్సు పాసులుంటాయి. పాసు మీద ఫొటో, కాలేజీ పేరు ఉంటాయి. ఏ బడి నుంచి వచ్చావని నోటితో అడిగితే సరిపోతుంది.

"ఇది నీ ఉద్యోగంలో భాగమా?" అని అడిగాను.

"పాసు చూడ్డం ఉద్యోగం. పలకరించడం నా ఇష్టం."

ఆ పలకరింపు ఎలా ఉందో మొదటిరోజు నేను కళ్ళారా చూశాను. కాలేజీల వైపు వెళ్ళే పొద్దుటి బస్సు, కాలు పెట్టే సందు లేదు. చెవుల్లో పాటలు పెట్టుకున్న ఒక పొడుగాటి కుర్రాడు పాసు చూపించాడు, ఇంజనీరింగ్ కాలేజీది.

"ఏ బడిలో చదివావు?" అన్నాడు బావ.

"గవర్నమెంటు హైస్కూలండీ, వాటర్ ట్యాంకు పక్కది" అన్నాడు కుర్రాడు హుషారుగా.

కావలసిన జవాబు దొరికింది గదా, సంతోషించాలా వద్దా? బావ పాసు వెనక్కి తిప్పాడు. వెలుతురుకేసి పట్టాడు. ఫొటోనీ మొహాన్నీ మూడుసార్లు చూశాడు.

"నిజంగా అక్కడేనా? ఎప్పుడు పాసయ్యావు? క్లాసు టీచరెవరు? ఇల్లెక్కడ?"

కుర్రాడు చెవుల్లోవి పీకేశాడు. చుట్టూ మాటలు ఆగిపోయాయి. పాసు తిరిగి చేతికొచ్చేసరికి వాడి నుదురు తడిసిపోయింది. తర్వాత ఒకమ్మాయి కూడా అదే బడి పేరు చెప్పింది, ఆమెకీ అదే మర్యాద జరిగింది.

"ఇద్దరున్నారు. కానీ తడబడ్డారు. నాకు నమ్మకం కుదరలేదు" అన్నాడు దిగాక.

"నువ్వలా గుచ్చి గుచ్చి అడిగితే నేను నా పేరే మర్చిపోతాను బావా."

"నీ పేరు మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు" అన్నాడు.

మర్నాటి నుంచి ఆ బస్సులో హైస్కూలు పిల్లలు ఒక్కరూ దొరకలేదు. అడిగినవాళ్ళంతా ప్రైవేటు స్కూలనే అన్నారు. ఎవరూ తడబడలేదు. బావ బస్సులు మార్చి చూశాడు, వేళలు మార్చి చూశాడు, కళ్ళలో వత్తులు వేసుకుని వెతికాడు. నెలాఖరు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చి, తాళంచెవులు అరగదీసే మిషను పక్కన స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"తేలిపోయింది. ఆ బడి నుంచి కాలేజీకి ఎవడూ వెళ్ళట్లేదు. ఆ మొదటి ఇద్దరూ కూడా అబద్ధమే చెప్పుంటారు. రేపు టీసీ తెచ్చేసుకుందాం. నువ్వూ రా" అన్నాడు. అనుమానం నిజమైందన్న సంతోషం ఆయన గొంతులో కొంచెం కూడా లేదు. అది చూసి నాకు భయమేసింది.

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు నేను పిడుగు పడుతుందనుకున్నాను. లాయరమ్మ ఏడవలేదు, వాదించలేదు. వాళ్ళ నాన్న చెప్పిందంతా విని, ల్యాబు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"సరే నాన్నా. ఒక్క షరతు. రేపు స్కూటరు వద్దు, పొద్దుటి కాలేజీ బస్సులో వెళ్దాం. నువ్వు మామూలు చొక్కా వేసుకో, టోపీ పెట్టుకోకు. నా వెనక సీట్లో కూర్చో. దిగేదాకా నోరు మెదపకూడదు."

"ఎందుకు?" అన్నాడు బావ. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి.

"చూశావా, అప్పుడే మెదిపావు" అంది.

మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. గళ్ళచొక్కాలో బావ ఎవరో పక్కింటాయనలా ఉన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని, అలవాటుగా కిటికీ వంక చూస్తున్నాను. మా ముందు సీట్లో పిల్ల.

రెండో స్టాపులో ఇద్దరమ్మాయిలు ఎక్కారు, దాన్ని చూసి మొహాలు వెలిగిపోయాయి. ఏమే, వాన మిషను అయిందా అని ఒకమ్మాయి అడిగింది. సైన్సు మేడం ఇంకా చాక్‌పీసుతో తల గోక్కుంటోందా అని ఇంకో అమ్మాయి అడిగింది. తర్వాతి స్టాపులో ఇంకొందరు వచ్చి చుట్టూ మూగారు. ఒకడు మెడిసిన్ చదువుతున్నాడు, ఒకమ్మాయి లెక్కలు, ఇంకొకడు నర్సింగు. పొడుగాటి కుర్రాడు కూడా వచ్చాడు. అందరూ మన స్కూలు, మన స్కూలు అంటున్నారు. బావ పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

"అన్నా, మన స్కూలు వాళ్ళు ఈ బస్సులో ఇంతమంది ఉన్నారా?" అంది పిల్ల, పెద్దగా, అందరికీ వినపడేలా.

"ఇంకా ఉన్నారు. కానీ ఎర్ర టోపీ చెకరొకడు తిరుగుతున్నాడు, వాడెక్కితే మాత్రం మన స్కూలు పేరెత్తకు" అన్నాడు పొడుగాటి కుర్రాడు. "ప్రైవేటని చెప్పు, వదిలేస్తాడు. మన స్కూలని చెప్పానని నన్ను దొంగని చూసినట్టు చూశాడు. పాసు లాక్కుంటాడనుకున్నా. అప్పట్నుంచి అందరికీ చెప్పేశాం."

"మన స్కూలంటే వాడికెందుకో అంత కడుపుమంట" అంది లెక్కలమ్మాయి.

పిల్ల వెనక్కి తిరగలేదు. బావ పేపరు దించలేదు. వాటర్ ట్యాంకు స్టాపులో దిగి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాం.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు నాన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవాడివా?"

బావ నా వంక చూశాడు. జీవితంలో మొదటిసారి సాక్షిగా నేను ఆయన పక్షాన లేను, తల దించుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో పాత కర్టెనూ, దుమ్ము పట్టిన గ్లోబూ ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"టీసీకి వచ్చారా?"

"కాదు మేడం" అన్నాడు బావ. కూర్చోలేదు. "ఆరోజు మీరొకమాటన్నారు. బడి దాటాక పిల్లలు వచ్చి చెప్పరని. నేను నమ్మలేదు."

"అవునండీ, నిజంగానే చెప్పరు."

"నేనూ చెప్పలేదు" అన్నాడు. టోపీ లేదు గదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి తీశాడు. "నేనిక్కడే చదివాను. ఆ చివరి గదిలో, కిటికీ పక్క బెంచీ. ఆ తర్వాత బస్సుల్లో టికెట్లు కొట్టాను, ఇప్పుడు టికెట్లు చూస్తున్నాను. రాసుకోండి."

ఆవిడ ఒక కాగితం ముందుకి లాక్కుని, పెన్ను మూత తీసింది.

"కాలేజీ?" అని మెల్లగా అడిగింది.

"లేదు మేడం. అదే రాయండి."

పిల్ల వాళ్ళ నాన్న మొహంలోకి చూస్తోంది. దాన్ని అలా నోరు తెరవకుండా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన దాని వంక చూడలేదు. నిన్న అది బల్ల మీద పెట్టిన ల్యాబు తాళంచెవి జేబులోంచి తీసి దాని చేతిలో పెట్టి, బయటికి నడిచాడు.

నేనూ వెనకే వచ్చాను. పిల్ల కొంచెం ఆలస్యంగా వచ్చింది. గేటు దగ్గర బావ ఆగాడు.

"ఆవిడ నిజంగా రాసిందంటారా? ఊరికే పెన్ను ఆడించిందా?"

"రాసింది నాన్నా, చూశాను. నీ పేరు కిందే నాకూ చోటుంచమన్నాను. రెండేళ్ళాగి వచ్చి, ఎక్కడ చేరానో నేనే చెప్తానన్నాను" అంది లాయరమ్మ.

బావ దాని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత, ఇంకేమీ అడక్కుండా, తలూపాడు.