సెలక్షన్ కాకముందే సాక్ష్యం

ఈ ఉదయం పాలప్యాకెట్టు కోసం గేటు తీశానో లేదో, కాలవగట్టు మీద నలుగురు కుర్రాళ్ళు రొప్పుకుంటూ పరుగెత్తుతూ కనబడ్డారు. ఎక్కడికర్రా అంటే, ఆర్మీ సెలక్షన్లండీ అని ఆగకుండానే జవాబిచ్చారు. అంతే, నా ఒళ్ళు పులకరించిపోయింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి చూశాను. మోకాళ్ళ నొప్పుల మనిషిని, లేకపోతే నేనూ నాలుగడుగులు పరుగెత్తేదాన్నే. నవ్వకండి, మా ఇంట్లోనూ ఒకడు ఇలాగే పరుగెత్తాడు మరి.

వాడు మా చెల్లెలి కొడుకు. తండ్రి మస్కట్‌లో ఉంటాడు. ఇంటర్ తప్పి, అంబాజీపేటలో కొబ్బరికాయలు లారీలకెత్తే పనికి వెళ్తూ, ఒళ్ళునొప్పులకని మొదలుపెట్టిన మందు మీసాలైనా సరిగా రాకముందే వాణ్ణి మింగేసింది. మా చెల్లెలు ఏడవని రోజు లేదు, నేను తిట్టని రోజూ లేదు. ఒక శనివారం సాయంత్రం తాగి సైకిలుతో సహా పంట బోదె కాలవలో పడ్డాడు. ఇంటికి తెచ్చి నెత్తిన నీళ్ళు పోస్తుంటే వణుకుతూ, ‘మిలట్రీకైనా పోతే మానేస్తానేమో పెద్దమ్మా’ అన్నాడు. ఏదో అన్నాడు, అంతే.

మర్నాడు ఆదివారం. మా చర్చి గుళ్ళో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పించడం ఉంది. మేలు పొందినవాళ్ళు లేచి, జరిగింది చెప్పి, దేవుడికి స్తోత్రం చెల్లిస్తారు. మా చెల్లెలు ముసుగు సర్దుకుని లేచి, ‘దేవుడు నా కొడుకుని తాగుడు మానిపించి మిలట్రీకి పంపించేడండి’ అనేసింది! సంఘమంతా చప్పట్లు. ఆ కొడుకు అప్పటికింకా ఇంట్లో బోర్లాపడి గుర్రుపెడుతున్నాడు. బయటికొచ్చాక జబ్బ పట్టుకుని, అబద్ధసాక్ష్యమేమిటే అని నిలదీశాను. అబద్ధం కాదక్కా, ముందే చెప్పేశాను, ఇంక ఆయనే చూసుకుంటాడు అంది.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. మిలట్రీకి వెళ్ళేవాడివి నీకెందుకురా అని వాడి జతగాళ్ళే గ్లాసు వెనక్కి లాక్కున్నారట. కోళ్ళఫారం ఆయన గుడ్లు పంపాడు, ఎదురింటావిడ చక్రకేళీ అరటిపళ్ళు పంపింది. వీధివీధంతా వాణ్ణి మేపడం మొదలుపెట్టింది. వాడు మొదట మామీద విరుచుకుపడ్డాడు, తర్వాత సిగ్గుపడ్డాడు. ఇంక లాభం లేదని, సైన్యంలో చేసి రిటైరై వచ్చిన మా వీధి తాతగారి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ చేరితే మానేస్తాడు కదండీ అన్నాను ఆశగా. ఆయన పడీపడీ నవ్వారు.

‘నాకు అలవాటయ్యిందే అక్కడండీ. మానితే ఇక్కడే మానాలి. రాత్రి తాగినోడు తెల్లారి పరిగెత్తలేడండి. రేపొద్దున్న గట్టు మీదకి వస్తావేంట్రా?’

వాడు తల దించుకునే ఆయ్ అన్నాడు.

మొదట్లో వాంతులు, చేతుల వణుకు, తల్లి మీద కేకలు. మధ్యలో ఒక రాత్రి తాగేసి జారాడు కూడా. ఆ పొద్దున తాతగారు మామూలుగానే పరుగెత్తించి, గట్టు మీద కక్కించారు. అదే ఆఖరు. తర్వాత్తర్వాత వాడి అడుగుల చప్పుడు వినబడితే చాలు, దుప్పటి తన్నేసి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. ఎంత సంబరమో! వీధంతా గుమ్మాల్లోనే ఉండేది. కాకినాడలో సెలక్షన్లకి పెళ్ళికొడుకుని సాగనంపినట్టు సాగనంపాం.

పరుగులో ముందువరసలో వచ్చానని ఫోన్ చేశాడు. ఇంట్లో గంతులేశాను! మర్నాడు మళ్ళీ ఫోన్. కంటిపరీక్షలో రంగురంగుల చుక్కల మధ్య అంకె చదవమన్నారట. వాడికి చుక్కలే తప్ప అంకె కనబడలేదు. ఎరుపూ ఆకుపచ్చా వాడి కంటికి ఒకటేనని ఇన్నేళ్ళూ మాకూ తెలియదు, వాడికీ తెలియదు. తీసేశారు పెద్దమ్మా అని పెట్టేశాడు. ఆ తర్వాత స్విచ్చాఫ్.

సాయంత్రం నేనూ చెల్లెలూ సెంటర్లో బస్టాపు దగ్గర కాపుకాశాం. ఎదురుగానే బ్రాందీ షాపు. దిగగానే చెరో చెయ్యీ పట్టుకుని ఇంటికి లాక్కుపోవాలని మా ఆలోచన. బస్సు వచ్చింది, అందరూ దిగారు, వాడు లేడు. తర్వాతి బస్సులోనూ లేడు. చెల్లెలు అక్కడే కూలబడిపోయింది. ఏ ఊళ్ళోనో తాగి పడిపోయుంటాడని నాకు రూఢి అయిపోయింది. చుక్కల పరీక్ష పెట్టినవాణ్ణీ, మావాణ్ణి పంపిన నన్నూ కలిపి తిట్టుకుంటూ దాన్ని లేపి ఇంటికి తీసుకొచ్చాను.

వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది. చెల్లెలు వెళ్ళి వాడి నోరు వాసన చూసింది. ఏమీ లేదు. ఏ బస్సులో వచ్చావురా అని అడిగాను.

‘మొదటి బస్సే పెద్దమ్మా. సెంటర్లో దిగితే కాళ్ళు షాపుకేసి పోతాయని భయమేసింది. ముందు స్టాపులో దిగిపోయి గట్టెమ్మట పరిగెత్తుకొచ్చేసేను.’

వాణ్ణి వాటేసుకుని ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, పిల్ల పుట్టింది. ఇప్పటికీ బస్సెక్కితే ముందు స్టాపులోనే దిగుతాడు. ఏళ్ళు గడిచాయి కదా, ఇంకా ఎందుకు అని అందరూ అంటారు గాని, గడిచినవి మన ఏళ్ళు. వాడికీ ఆ షాపుకీ మధ్య ఇవాళ్టికీ ఉన్నది ఆ ఒక్క స్టాపు దూరమే.