అనంతగిరి ఎక్కిన బ్యాటరీ సైకిల్

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే బస్సు అనంతగిరి గుట్ట మీద చాయ్ కోసం ఆగింది. మా వెనకే ఒకాయన లావు టైర్ల బ్యాటరీ సైకిల్ మీద ఎక్కి వచ్చాడు. దిగి, సీటు పట్టుకుని దగ్గాడు. తాండూరులో బండలు పాలిష్ చేసేవాళ్ల దగ్గు అది. ఆ పనే చేసిన మా తమ్ముడు ఆ దగ్గుతోనే నిరుడు పోయాడు. ఈయన మాత్రం గుట్టలెక్కుతున్నాడని కుళ్లుకున్నాను.

“మోటరుండంగ తొక్కుడెందుకే పెద్దాయనా?” అన్నాడు కండక్టర్.

“తొక్కకుంటే కదలది తమ్మీ. నేను జర తొక్కితే అది జర తోస్తది.”

“మా బస్సు కన్నా నయమున్నది.”

“డాక్టర్ వద్దనలేదా?” అని నేనడిగాను.

“ఇంట్లోల్లందరు వద్దన్నరు. మా అన్న ఒక్కడే, ఊకె మంచంల ఎన్ని రోజులు పండుకుంటవ్ రా అని ఇది కొనిచ్చిండు. జర తొక్కి చూస్తరా సార్?”

వద్దన్నాను. బస్సు కదిలాక నా అసూయ ఆయనను వదిలి, నేనెన్నడూ చూడని ఆ అన్న మీదికి మళ్లింది. మా తమ్ముడు గడప దాటబోయిన ప్రతిసారీ చెయ్యి పట్టి మళ్లీ పడుకోబెట్టింది నేనే.