గులాబీల నడుమ నాన్న మోచెయ్యి

నాన్న రిటైరైన మరుసటి ఏడే ఆయనకి పక్షవాతం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ళ తరబడి ఫైళ్ళ మీద నోట్లు రాసిన కుడి చెయ్యే పడిపోయింది. కాలు కొంచెం, మూతి కొంచెం. మాట ముద్దగా వచ్చేది. వచ్చిందంటే మాత్రం అది ఫిర్యాదే. ఆసుపత్రి నుంచి జనక్‌పురిలోని మా ఫ్లాటుకి తీసుకొచ్చాక, ఒక మలయాళీ ఫిజియోథెరపిస్టు రోజూ సాయంత్రం వచ్చి వ్యాయామాలు చేయించేది. నాకంటే చిన్నపిల్ల. మనిషి సన్నం, గొంతు పెద్దది. "అంకుల్, ఔర్ ఊపర్!" అని ఆమె అరిస్తే పక్క ఫ్లాటులోవాళ్ళు కూడా చేతులెత్తుతారేమో అనిపించేది.

ఇంతలో ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. రెండు నెలలు కేరళ వెళ్తానంది. వేరే మనిషిని పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు.

"కొత్తవాళ్ళకి మళ్ళీ నా కేసంతా మొదట్నించీ చెప్పుకోవాలి," అన్నారు.

అప్పుడా అమ్మాయే ఉపాయం చెప్పింది. తను చేయించేవన్నీ వీడియో తీయించి పెట్టుకుంటే, రోజూ టీవీలో చూస్తూ చేసుకోవచ్చు.

మా ఇంట్లో సీడీ ప్లేయరుంది గాని కెమెరా లేదు. మార్కెట్లో పెళ్ళి వీడియోలు తీసే పంజాబీ ఆయన ఉంటే వెళ్ళి అడిగాను.

"ఫంక్షన్ క్యా హై, బేటా?" అన్నాడు.

ఫంక్షనేం కాదు, మా నాన్నగారి ఎక్సర్‌సైజు అని చెప్పాను. గడ్డం గోక్కుని కాసేపు ఆలోచించాడు. "ఠీక్ హై. ఫస్ట్ క్లాస్ బనా దూంగా," అని హామీ ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే పెద్ద లైటూ దాని గొడుగూ మోసుకొచ్చాడు. తలుపు తీయడానికి అమ్మ పట్టుచీరలో వచ్చింది.

"పడిపోయింది నా చెయ్యి. నువ్వెందుకు ముస్తాబయ్యావు?" అన్నారు నాన్న కుర్చీలోంచి.

"వెనకనుంచి మిమ్మల్ని పట్టుకునేది నేనేగా. వీడియోలో నైటీతో కనపడమంటారా?" అంది అమ్మ.

షూటింగు మొదలైంది. ఫిజియో చెబుతోంది, నాన్న ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని మెల్లగా ఎత్తుతున్నారు. కెమెరా ఆయన అలవాటుకొద్దీ, "అంకుల్ జీ, థోడా స్మైల్!" అన్నాడు.

నాన్న నవ్వబోయారు. మూతి ఒక పక్కకే వెళ్ళింది. జబ్బు చేశాక ఆయన మా ముందు నవ్వడం మానేశారన్న సంగతి నాకప్పుడే తట్టింది. కెమెరా ఆయన కెమెరా దించేసి నేలకేసి చూశాడు.

"భయ్యా, ఆపకండి," అంది ఫిజియో హిందీలో, ఏమీ జరగనట్టు. "నెక్స్ట్ ఎక్సర్‌సైజు అదే. అంకుల్, ఏక్ బార్ ఔర్. స్మైల్!"

నాన్న మళ్ళీ నవ్వారు. ఆమె చాలనేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు అన్నిటికంటే కష్టమైన వ్యాయామం అదేనని రాత్రి అన్నం తింటూ అమ్మతో చెప్పారు.

సీడీ చేతికొచ్చేసరికి ఫిజియో ఊరెళ్ళిపోయింది. పైన అట్ట మీద రెండు పావురాలున్నాయి. ప్లేయరులో పెట్టగానే పెళ్ళి షెహనాయి మొదలైంది. తెర నిండా గులాబీలు విచ్చుకున్నాయి. వాటి మధ్యలోంచి, బంగారు రంగు హృదయాకారంలో, మా నాన్న మోచెయ్యి పైకి లేచింది. తర్వాత ఒక నాన్న ముగ్గురు నాన్నలై తెరంతా గుండ్రంగా తిరిగారు. అమ్మ పట్టుచీర అంచు స్లో మోషన్‌లో మెరిసింది. ఆ ఒక్క నవ్వూ నాలుగు మూలల నుంచీ నాలుగుసార్లు వచ్చింది.

నాన్నకేసి చూడ్డానికి భయం వేసింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మూతి ఎటు పోతోందో చూసుకోవడంలేదు.

"మన పెళ్ళికి ఫొటోలే సరిగ్గా రాలేదు," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

నవ్వడం అయ్యాక పని మొదలుపెడదామంటే, ఫిజియో ఎన్ని సార్లు చేయాలో చెప్పినచోటల్లా షెహనాయే వినిపిస్తోంది. లెక్కపెట్టే పని అమ్మ తీసుకుంది. "ఆరు, ఏడు, ఎనిమిది" అని, కుక్కరు కూత వినపడగానే వంటింట్లోకి పరుగెత్తేది. తిరిగొచ్చి, "ఎనిమిది" అనేది.

"ఎనిమిది అయిపోయింది!" అని నాన్న అరిచేవారు, చెయ్యి గాల్లోనే పెట్టుకుని.

"అయితే దించలేదేం?"

"నువ్వు తొమ్మిదనలేదుగా!"

కొన్నాళ్ళకి నాన్న చకచకా చెయ్యి ఎత్తి దించేస్తుంటే అమ్మ పొంగిపోయింది. సాయంత్రం గుళ్ళో కొబ్బరికాయ కొట్టించింది. నాకు మాత్రం టీవీలో ఏదో తేడాగా ఉందనిపించి దగ్గరికెళ్ళి చూశాను. మా గోడ మీది తెలుగు క్యాలెండరులో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అందం కోసం కెమెరా ఆయన బొమ్మని అద్దంలోలా తిప్పేశాడు. తెర మీద నాన్న పడిపోయిన చెయ్యి ఎడమదైంది. కుర్చీలో నాన్న కూడా ఎడమ చెయ్యే ఎత్తుతున్నారు.

"నాన్నా, అది మంచి చెయ్యి కదా?" అన్నాను.

"తెలుసు."

"మరి?"

"రికార్డులో ఎడమ అని ఉంది. నేను రికార్డు ప్రకారం చేస్తున్నాను."

అమ్మ ఆ రోజు కాఫీలో పంచదార వేయలేదు.

సీడీ పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళాను. కెమెరా ఆయన చాలా నొచ్చుకున్నాడు. "పూరా షాదీ వాలా ఎఫెక్ట్ లగాయా థా, బేటా!" అన్నాడు, పెళ్ళికి పెట్టే హంగులన్నీ పెట్టానని. ఎవరి కోసం అంత కష్టపడ్డాడో ఆ మనిషికి నచ్చలేదనుకుంటున్నాడు. నచ్చింది, కానీ చెయ్యి మారిపోయిందని నచ్చజెప్పాక, పాటల్లేని, పూలు లేని సీడీ ఒకటి చేసిచ్చాడు. అందులో కుడి చెయ్యి కుడివైపే ఉంది. ఫిజియో గొంతు గంటలా వినపడుతోంది.

దానితో రెండో రోజే నాన్న అమ్మ మీద విసుక్కున్నారు. "ఇది మా ఆఫీసు మీటింగులా ఉంది. షెహనాయిది పెట్టవే."

చివరికి ఒప్పందం కుదిరింది. కుడి చేత్తో, సాదా సీడీ చూస్తూ అన్నీ పూర్తి చేస్తే, ఆఖర్న షెహనాయి సీడీ పెట్టాలి. నాన్న అలిగినా అమ్మ ఆ వరస మార్చలేదు. మధ్యలో ఆపేసిన రోజున గులాబీలు లేవు.

ఫిజియో మెడలో తాళితో తిరిగొచ్చి, నాన్న కుడి చేత్తో చెంచా పట్టుకోవడం చూసి చప్పట్లు కొట్టింది. షెహనాయి సీడీ పెట్టి చూపిస్తే సోఫాలో పడి నవ్వింది. "ఆంటీ, నా పెళ్ళి వీడియోలోనూ ఇవే పువ్వులు!" అంది. ఇక వీడియో చాలని, వేళ్ళకి పట్టు రావడానికి రాజ్మా గింజలు గిన్నెలోంచి గిన్నెలోకి వేయడం మొదలుపెట్టించింది. గింజలు ఇల్లంతా దొర్లేవి. ఊడుస్తూ అమ్మ హిందీలోనూ తెలుగులోనూ తిట్టేది.

నాన్న చెయ్యి భుజం ఎత్తుకు వచ్చి అక్కడితో ఆగింది. సంతకం మునుపటిలా కుదరలేదు. అయినా ఆ చలికాలం ఆయన కర్ర పట్టుకుని కాలనీ పార్కు దాకా నడిచారు. తోడు వెళ్ళబోతే నన్ను వారించి, బాల్కనీలోంచి చూడమన్నారు. ఎండలో బెంచీ మీద రిటైరైన పంజాబీ పెద్దలు పేకాడుతున్నారు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. ముక్కలు ఎడం చేత్తో పట్టుకుని, వేసేది మాత్రం కుడి చేత్తోనే వేశారు. ఒక్కో ముక్కకి చాలాసేపు పట్టింది. అవతలివాళ్ళెవరూ తొందరపెట్టలేదు. నాన్న ఓడిపోయి వచ్చారు, ఆకలేస్తోందన్నారు.